గన్నవరం నుంచి మధురపూడికి: తెర మీద 40 నిమిషాలు, రోడ్డు మీద మూడు గంటలు

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెబుతాను, సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూడండి. మీరు ఢిల్లీ నుంచి ఉదయం విమానంలో విజయవాడ విమానాశ్రయం ఉన్న గన్నవరంలో దిగుతారు. గుంటూరులో ఉన్న మీ అమ్మగారు కారులో అక్కడికి వచ్చి మిమ్మల్ని కలుస్తారు. ఇద్దరూ రాజమహేంద్రవరం వెళ్ళి, బంధువుల పెళ్ళిలో అక్షింతలు వేసి, అదే రోజు సాయంత్రం ఆ ఊరి విమానాశ్రయం ఉన్న మధురపూడిలో ముంబై విమానం ఎక్కాలి. ఇంటర్నెట్‌లో ఈ రెండు విమానాశ్రయాల మధ్య 126 కిలోమీటర్లు, 40 నిమిషాలు అని చూశారు. అది నిజమేనా, వాటి మధ్య విమానం ఉందా, లేకపోతే ఎందుకు లేదు, రెండు టికెట్ల మధ్య ఎంత వ్యవధి ఉంచుకోవాలి అన్నది మీ సందేహం.

సూటిగా జవాబు: 126 కిలోమీటర్లు నిజమే, 40 నిమిషాలు మాత్రం కాదు. 126 అనేది ఆకాశంలో గీత గీస్తే వచ్చే దూరం. రోడ్డు మీద గన్నవరం టెర్మినల్ నుంచి మధురపూడి టెర్మినల్ దాకా దాదాపు 150 కిలోమీటర్లు. పగటి పూట కారులో మూడు గంటలు వేసుకోండి. రెండింటి మధ్య నేరుగా విమానం లేదు. ఒక విమానం దిగి మరో విమానం ఎక్కడమే పని అయితే రెండు టికెట్ల మధ్య కనీసం ఆరు గంటలు ఉండాలి. మధ్యలో పెళ్ళి కూడా ఉంది కాబట్టి, తొమ్మిది గంటలకు తక్కువైతే మా ఆఫీసుకు వచ్చినవారికి నేను ఆ టికెట్ తీయను. వేరేచోట తీసుకుంటామంటే వారి ఇష్టం.

విజయవాడ గాంధీనగర్‌లో చాలా ఏళ్ళుగా నాది టికెట్ల పని, కార్ల పని. ఈ రెండు ఊళ్ళ మధ్య మా బండ్లు తిరగని వారం ఉండదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ 126 సంగతి. గన్నవరం దాదాపు 16.53 ఉత్తర అక్షాంశం, 80.80 తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. మధురపూడి 17.11, 81.82 దగ్గర ఉంది. అంటే గన్నవరం నుంచి ఉత్తరానికి 64 కిలోమీటర్లు, తూర్పుకు 109 కిలోమీటర్లు జరిగితే మధురపూడి వస్తుంది. బడిలో నేర్చుకున్న లంబకోణ త్రిభుజం లెక్క వేస్తే కర్ణం 126 వస్తుంది. ఇందులో తప్పేమీ లేదు.

40 నిమిషాలు ఎక్కడి నుంచి వచ్చాయంటే, ఇలాంటి సైట్లు సాధారణంగా గంటకు 800 కిలోమీటర్లు పోయే జెట్ విమానాన్ని ఊహించుకుంటాయి. 126ను ఆ వేగంతో భాగిస్తే తొమ్మిదిన్నర నిమిషాలు. పైకి లేవడానికీ దిగడానికీ కలిపి ఒక అరగంట చేరుస్తాయి. దగ్గర దగ్గర 40. అలాంటి విమానం ఆ రెండు ఊళ్ళ మధ్య నిజంగా ఉందా లేదా అన్నది ఆ లెక్కకు పట్టదు. ఏ రెండు విమానాశ్రయాల పేర్లు ఇచ్చినా ఒక సమయం చూపిస్తుంది. చదివినవారు అది టైమ్‌టేబుల్ అనుకుంటారు. నెలకు ఒకరైనా ఆ ఫోను తెర నా ముందు పెట్టి "ఇదిగో ఉందిగా, మీరెందుకు లేదంటారు" అని అడుగుతారు.

ఒకవేళ నిజంగా సర్వీసు పెట్టినా 40 నిమిషాలు కాదు. ఇంత దగ్గరి దూరాలకు నడిపేది ఏటీఆర్ రకం పంకాల విమానాలు. వాటి వేగం గంటకు 500 కిలోమీటర్ల చిల్లర. గన్నవరం నుంచి హైదరాబాద్ శంషాబాద్‌కు ఆకాశ మార్గంలో 264 కిలోమీటర్లు. దానికే టికెట్ మీద గంట, గంటా పది నిమిషాలు వేస్తారు, ఎందుకంటే టికెట్ మీది సమయంలో రన్‌వే దాకా పాకడం, వరుసలో ఆగడం, దిగాక మళ్ళీ టెర్మినల్ దాకా రావడం అన్నీ ఉంటాయి. ఆ లెక్కన మధురపూడికి ముప్పావు గంట వేస్తారు. దానికి ముందు గంటన్నర మీరు విమానాశ్రయంలో కూర్చోవాలి.

సర్వీసు ఎందుకు లేదని కూడా అడిగారు. ఇంత దగ్గరి దూరాల్లో విమానానికి ఖర్చులో పెద్ద భాగం లేవడంలోనూ దిగడంలోనూ ఉంటుంది, మధ్యలో పోయే దూరంలో కాదు. పైకి ఎక్కేటప్పుడే ఇంధనం ఎక్కువ తాగుతుంది. దిగిన ప్రతిసారీ ఇంజిన్‌కు, చక్రాలకు అరుగుదల లెక్క రాసుకోవాలి. 126 కిలోమీటర్లకైనా 400 కిలోమీటర్లకైనా ఈ ఖర్చులు దాదాపు ఒకటే. ఇక టికెట్ ధర చూస్తే, కారులో మూడు గంటల్లో, రైల్లో రెండు రెండున్నర గంటల్లో పోయే దూరానికి ఎవరు ఎంతని పెడతారు? విశాఖ సంగతి వేరు. అక్కడికి గన్నవరం నుంచి ఆకాశంలోనే 290 కిలోమీటర్లు, రోడ్డు మీద 340 దాకా ఉంటుంది, ఆరు గంటల ప్రయాణం. తిరుపతి విమానాశ్రయం ఉన్న రేణిగుంట ఆకాశంలోనే 350. అక్కడ విమానానికి అర్థం ఉంది.

హైదరాబాద్ మీదుగా వెళ్ళవచ్చా అంటే వెళ్ళవచ్చు. టికెట్ సైట్లో గన్నవరం, రాజమండ్రి అని కొడితే అదే చూపిస్తుంది. ముందు పడమరగా 264 కిలోమీటర్లు పోయి, మళ్ళీ తూర్పుగా 361 కిలోమీటర్లు రావాలి. మొత్తం 625. చేరాల్సింది 126 దూరంలోని ఊరు. ఎదురింటికి ఊరంతా చుట్టి వెళ్ళినట్టు! మధ్యలో శంషాబాద్‌లో ఆగే సమయం కలుపుకుంటే నాలుగైదు గంటలకు తక్కువ కాదు, కలిసిరాకపోతే రోజంతా అక్కడే. అయినా ఈ మార్గాన్ని నేను పూర్తిగా కొట్టిపారేయను. వెన్నునొప్పి ఉన్న ఒక పెద్దాయనను ఆయన కొడుకు ఇలాగే పంపించాడు. మూడు గంటలు కారులో కూర్చోలేరు, విమానాశ్రయంలో అయితే చక్రాల కుర్చీ ఇస్తారు, లేచి నాలుగడుగులు వేయవచ్చు. సమయం ఎక్కువ పట్టినా ఆయనకు అదే సుఖంగా ఉంది. మీ అమ్మగారికి అలాంటి ఇబ్బంది ఏమైనా ఉంటే ఆలోచించండి, లేకపోతే వద్దు.

ఇక రోడ్డు. మీకు నిజంగా పనికొచ్చేది ఇదే.

గన్నవరం విమానాశ్రయం చెన్నై – కోల్‌కతా జాతీయ రహదారి 16 మీదే ఉంది. బయటికి వచ్చి ఏలూరు వైపు తిరిగితే చాలు, విజయవాడ ఊళ్ళోకి వెళ్ళే పని లేదు. పొట్టిపాడు టోల్‌గేటు, హనుమాన్ జంక్షన్, కలపర్రు టోల్‌గేటు, ఏలూరు బైపాస్ వరసగా వస్తాయి. ఏలూరు దాటి గుండుగొలను వచ్చేసరికి ఒక నిర్ణయం తీసుకోవాలి. అక్కడి నుంచి దేవరపల్లి మీదుగా కొవ్వూరుకు 70 కిలోమీటర్ల నాలుగు వరుసల కొత్త రోడ్డు ఉంది. పాత దారి అయితే తాడేపల్లిగూడెం, తణుకు మీదుగా దక్షిణంగా దిగి, సిద్ధాంతం దగ్గర ఒకసారి, రావులపాలెం దగ్గర మరోసారి గోదావరి పాయలు దాటి, మళ్ళీ ఉత్తరంగా రాజమహేంద్రవరం ఎక్కుతుంది.

డ్రైవరుతో ముందే చెప్పండి: గుండుగొలను, నల్లజర్ల, దేవరపల్లి, కొవ్వూరు, గోదావరి మీది గామన్ బ్రిడ్జి. ఈ అయిదు పేర్లు ఒక కాగితం మీద రాసిచ్చినా తప్పులేదు. పాత డ్రైవర్లకు చేతులు అలవాటుగా తణుకు వైపే తిరుగుతాయి. ఒక గుంటూరు కుటుంబం ఇలాగే వెళ్ళింది, బండి వారిదే, డ్రైవరు తెలిసినవాడే. రావులపాలెం దగ్గర ముందు బండ్లు ఆగిపోయేదాకా దారి మారిందని ఎవరూ గమనించలేదు, వెనక సీట్లో అందరూ నిద్రపోతున్నారు. విమానం అందింది కానీ, పెళ్ళిలో భోజనం చేయకుండానే పరుగెత్తారు.

కొత్త రోడ్డు ఎందుకు మంచిదో మ్యాపు మీద ఒక దారం పెట్టి చూస్తే తెలుస్తుంది. గన్నవరం, మధురపూడి మధ్య గీత గీస్తే అది సరిగ్గా ఏలూరు మీదుగా పోతుంది. అక్కడి నుంచి కొత్త రోడ్డు కూడా ఆ గీతను అంటిపెట్టుకునే సాగుతుంది, పక్కకు పది కిలోమీటర్లకు మించి ఎక్కడా తొలగదు. అందుకే ఆకాశంలో 126 ఉన్నది నేల మీద 150 దగ్గర ఆగింది, అయిదో వంతే పెరిగింది. మన కోస్తాలో జాతీయ రహదారి వెంబడి ఏ రెండు ఊళ్ళకైనా గాలి దూరానికి అయిదో వంతు కలిపి చూసుకోండి, చాలావరకు సరిపోతుంది. కొండలు, అడవులు అడ్డుపడే చోట ఈ లెక్క పనికిరాదు.

గోదావరి దాటడం మరో సంగతి. కొవ్వూరు దగ్గర రెండు దారులున్నాయి. ఒకటి 1974 నాటి రోడ్డు కం రైలు వంతెన, రెండోది 2015లో తెరిచిన నాలుగో వంతెన, దాన్నే అందరూ గామన్ బ్రిడ్జి అంటారు. మొదటిది చూడటానికి బాగుంటుంది, కింద రైలు, పైన మనం, అటూ ఇటూ నది. కానీ ఇరుకు, పైగా తిన్నగా ఊరి మధ్యలోకి దింపుతుంది. విమానాశ్రయం ఊరికి ఉత్తరాన, కోరుకొండ వైపు ఉంది. గామన్ బ్రిడ్జి మీదుగా వస్తే కాతేరు వైపు దిగి ఊరి బయటి నుంచే వెళ్ళిపోవచ్చు. పెళ్ళి ఊళ్ళో కాబట్టి వెళ్ళేటప్పుడు ఏ వంతెన అయినా ఒకటే, మండపం ఎక్కడుందో దాన్ని బట్టి చూసుకోండి. మండపం నుంచి మధురపూడికి మాత్రం ముప్పావు గంట పెట్టుకోండి. దూరం 15 కిలోమీటర్ల చుట్టుపక్కలే, కానీ ఊళ్ళోంచి బయటపడటమే సగం సమయం.

ఇప్పుడు ఆరు గంటలు అని ఎందుకన్నానో చెబుతాను. విమానం చక్రాలు నేలను తాకాక బయటికి రావడానికి, సంచులు వేసి ఉంటే, అరగంట. రోడ్డు మీద మూడు గంటలు. ఇందులో బండి నడిచేది రెండున్నర గంటలే, మిగతా అరగంట టీ, టాయిలెట్, టోల్‌గేట్లు. అమ్మగారు ఉన్నప్పుడు ఈ అరగంటను కోయకండి. తరువాత మధురపూడిలో విమానం లేచే సమయానికి గంటన్నర ముందు ఉండాలి. సామాను ఇచ్చే కౌంటర్‌ను గంట ముందే మూసేస్తారు కాబట్టి, ఆ తరువాత వచ్చి ఎంత బతిమాలినా తీసుకోరు. ఇవన్నీ కలిపితే అయిదు. ఆరోది ఢిల్లీ విమానం ఆలస్యానికి. ఈ ఆరో గంటను తీసేసి "మాకు అలాంటిదేమీ జరగదులెండి" అనేవారు చాలామంది ఉంటారు. ఢిల్లీలో చలికాలం పొగమంచుకు విమానాలు ఎంత ఆలస్యమవుతాయో అక్కడుండే మీకు నేను చెప్పాల్సిన పని లేదు. డిసెంబరు, జనవరి ఉదయాల్లో గన్నవరంలోనూ మంచు పడుతుంది. వచ్చిన విమానం దిగలేక పైన తిరగడం, ఒక్కోసారి హైదరాబాద్‌కు మళ్ళడం ఇక్కడివారికి కొత్త కాదు. మీ ప్రయాణం ఆ నెలల్లో అయితే ఒక గంట చాలదు, రెండు వేసుకోండి.

పెళ్ళితో కలిపి ఇలా అవుతుంది. ఉదయం 8.30కు దిగారనుకోండి. 9 గంటలకు కారు ఎక్కితే 12కు మండపం. రెండు గంటలు అక్కడ. 2 గంటలకు లేస్తే 2.45కు మధురపూడి. అంటే 4.15కు ముందు విమానం ఏదీ మీది కాదు. ఆలస్యానికి ఒక గంట కలిపితే 5.15. అందుకే తొమ్మిది గంటలు అన్నాను. పెళ్ళిలో రెండు గంటలకే లేచి వస్తామనుకోవడం కూడా ఆశే. మన వాళ్ళు "ఇంకో పది నిమిషాలు, ఫొటో దిగి వెళ్ళండి" అంటే అరగంట పోతుంది.

రెండు వేర్వేరు టికెట్లు అంటే ఆ మధ్య భారం పూర్తిగా మీదే. ఈ మాట చాలామందికి తెలియదు. ఢిల్లీ నుంచి హైదరాబాద్ మీదుగా ఒకే టికెట్ తీసుకుని, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే సంస్థే మరో విమానంలో కూర్చోబెడుతుంది. మీరు గన్నవరంలో ఒకటి దిగి, మధురపూడిలో మరొకటి ఎక్కుతామంటే, రెండూ ఒకే సంస్థవి అయినా సరే, మొదటిదానికీ రెండోదానికీ సంబంధం లేదు. ఒక మందుల కంపెనీ మేనేజరు ఇలాగే నాలుగున్నర గంటల వ్యవధితో టికెట్లు కొనుక్కున్నాడు, మా దగ్గర కాదు, కారు మాత్రం మాది. వచ్చిన విమానం గంట ఆలస్యం. మా డ్రైవరు ఎంత తొందరగా వెళ్ళినా గామన్ బ్రిడ్జి మీద ఉండగానే అక్కడ కౌంటర్ మూసేశారు. ఆయన ఫోనులో గట్టిగా వాదించాడు, వారు మర్యాదగానే కాదన్నారు. రెండో టికెట్ డబ్బులు పోయాయి. మధురపూడి నుంచి సర్వీసులు గన్నవరంతో పోలిస్తే తక్కువ, ఒకటి పోతే తరువాతది తెల్లవారాకే అనుకోవాలి. రాత్రి రాజమహేంద్రవరంలో లాడ్జిలో ఉండి మర్నాడు వెళ్ళాడు.

అందుకని వేగంగా నడిపించి సమయం సంపాదించవచ్చనుకోకండి. 150 కిలోమీటర్లలో ఎంత తొక్కినా పదిహేను ఇరవై నిమిషాలకు మించి మిగలదు. హనుమాన్ జంక్షన్ ముందూ వెనకా ఊళ్ళ దగ్గర మోటారు సైకిళ్ళు ఎదురుగా వస్తుంటాయి, ట్రాక్టర్లు ఒక్కసారిగా మలుపు తిరుగుతాయి. మా బండ్లకు నేను పెట్టిన నియమం ఒకటే, విమానం పోతే పోయింది.

రైలు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే సమయం మీద నమ్మకం కావాలంటే రోడ్డు కంటే రైలే మేలని కొందరంటారు. విజయవాడ నుంచి రాజమండ్రికి రైలు మార్గం 150 కిలోమీటర్లు. 2023 జనవరిలో మొదలైన సికింద్రాబాద్ – విశాఖ వందేభారత్ అయితే రెండు గంటల్లో చేరుస్తుంది, మిగతా సూపర్‌ఫాస్ట్‌లు రెండుంబావు, రెండున్నర. వినడానికి బాగుంది. కానీ గన్నవరంలో దిగినవారు రైలు కోసం విజయవాడ స్టేషనుకు వెనక్కి వెళ్ళాలి. అది 20 కిలోమీటర్లు, రామవరప్పాడు రింగు దాటుకుని గంట అనుకోండి. రాజమహేంద్రవరం ఉన్నది అటుకు వ్యతిరేక దిశలో. వెనక్కి ఒక గంట, ప్లాట్‌ఫారం మీద అరగంట, రైలు రెండుంబావు, దిగాక మధురపూడికి మరో ముప్పావు. నాలుగున్నర అయింది. కారు గెలిచింది. రైలే కావాలంటే వెనక్కి కాదు, ముందుకు వెళ్ళండి. ఏలూరు స్టేషను గన్నవరం నుంచి 40 కిలోమీటర్లు, మీరు వెళ్ళే దారిలోనే ఉంది, చాలా ఎక్స్‌ప్రెస్‌లు అక్కడ ఆగుతాయి. రిజర్వేషన్ మాత్రం ముందే ఉండాలి.

ఆర్టీసీ బస్సు గురించి ఎక్కువ చెప్పను. చాలా బస్సులు పాత దారిలో తణుకు మీదుగా వెళతాయి, నాలుగు గంటలు దాటుతుంది, దిగాక మళ్ళీ ఆటో. విమానం పట్టుకునేవారికి కాదు.

కారు ఎలా మాట్లాడుకోవాలో కూడా చూడండి. ఇలా ఒక వైపే వెళ్ళేవారి దగ్గర కూడా రానూపోనూ కిలోమీటర్లకు తీసుకుంటారు, పైన డ్రైవరు బత్తా. అంటే మీరు 150 వెళితే 300కు కడతారు. అందులో మోసం లేదు, బండి ఖాళీగా తిరిగి రావాలి కదా. కానీ రాజమహేంద్రవరం బండ్లు రోజూ ఉదయమే గన్నవరానికి జనాన్ని దింపి ఖాళీగా వెనక్కి పోతుంటాయి. అక్కడి వాళ్ళతో, పెళ్ళి వాళ్ళతోనే, ముందు రోజు ఫోను చేయించి అలాంటి తిరుగు బండి ఒకటి చెప్పించుకుంటే బాగా తగ్గుతుంది. ఒక్క జాగ్రత్త: ముహూర్తాల రోజుల్లో బండ్లు దొరకవు, మాట ఇచ్చినవాడు కూడా ఎక్కువ ఇచ్చేవాడు దొరికితే జారిపోతాడు. కొంత బయానా ఇచ్చి బండి నంబరు, డ్రైవరు ఫోను నంబరు తీసుకోండి.

మీ విషయంలో అయితే ఇవన్నీ అక్కరలేదేమో. అమ్మగారు గుంటూరు నుంచి కారులోనే వస్తున్నారు కాబట్టి అదే కారు ముందుకు సాగవచ్చు. గుంటూరు నుంచి గన్నవరానికి 55 కిలోమీటర్ల చుట్టుపక్కల. మంగళగిరి దాకా బాగానే ఉంటుంది, కనకదుర్గ వారధి నుంచి రామవరప్పాడు దాకా ఉదయం పూట ఎంత పడుతుందో ఆ రోజు అదృష్టం. గంటన్నర వేసుకోండి. అంటే అమ్మగారు ఆ రోజు కారులో నాలుగున్నర గంటలు కూర్చుని, పెళ్ళిలో రెండు గంటలు, తరువాత విమానంలో మళ్ళీ రెండు గంటల దాకా కూర్చోవాలి. డెబ్బై దాటినవారికి ఇది ఎక్కువని నా అభిప్రాయం.

అందుకే నేనైతే ఈ ప్రయాణాన్నే మార్చమంటాను. మధురపూడి రన్‌వేను 3,165 మీటర్లకు పెంచాక అక్కడ కూడా ఎయిర్‌బస్‌లు దిగుతున్నాయి. 2024 డిసెంబరులో ముంబైకి, ఢిల్లీకి నేరు సర్వీసులు మొదలయ్యాయి. ఢిల్లీ నుంచి నేరుగా మధురపూడికే రాగలిగితే మీకు గన్నవరంతో పని ఏమిటి? అమ్మగారిని ముందు రోజే పంపండి. గుంటూరు నుంచి విశాఖ వెళ్ళే సింహాద్రి ఎక్స్‌ప్రెస్ పగటి బండి, ఉదయం ఎక్కితే మధ్యాహ్నానికి రాజమండ్రిలో దించుతుంది, తోడు ఎవరైనా ఉంటే చాలు. రాత్రి చుట్టాల ఇంట్లో పడుకుని, మర్నాడు తీరిగ్గా తయారై పెళ్ళికి వస్తారు. మీరు విమానం దిగి ముప్పావు గంటలో మండపంలో ఉంటారు. రోడ్డు మీద ఇద్దరికీ పడే శ్రమ, రెండు టికెట్ల మధ్య గుండె దడ, రెండూ పోతాయి. మీరు వెళ్ళే రోజున ఆ ఢిల్లీ సర్వీసు ఏ వేళకు ఉందో సంస్థ వెబ్‌సైట్లోనే చూడండి, ఋతువు మారితే వేళలు మారతాయి. ముహూర్తానికి అందకపోతే అప్పుడు గన్నవరం మార్గం ఆలోచిద్దాం.

మధ్య ఊళ్ళవారు కూడా ఇది చదువుతారు కాబట్టి వారికి రెండు మాటలు. ఏలూరు వారికి గన్నవరమే దగ్గర. తాడేపల్లిగూడెం, నిడదవోలు వారికి మధురపూడి. భీమవరం వారికి దూరం రెండు వైపులా ఇంచుమించు సమానం, వారు దూరం కాదు, ఏ విమానం నేరుగా ఉందో చూసి ఎంచుకోవాలి. సర్వీసులు ఎక్కువ ఉన్నది గన్నవరంలో కాబట్టి, విమానం రద్దయితే మరొకటి దొరికే అవకాశం కూడా అక్కడే ఎక్కువ.

కాలాన్ని బట్టి మారే సంగతులు కొన్ని ఉన్నాయి. సంక్రాంతి ముందు మూడు రోజులు హైదరాబాద్ మొత్తం గోదావరి జిల్లాలకు కదిలి వస్తుంది, పొట్టిపాడు, కలపర్రు టోల్‌గేట్ల దగ్గర బారులు తీరతాయి. ఆ రోజుల్లో మూడు గంటలను నాలుగున్నర చేసుకోండి. వరి కోతల కాలంలో, నవంబరు, డిసెంబరుల్లోనూ మళ్ళీ ఏప్రిల్‌లోనూ, తాడేపల్లిగూడెం – నిడదవోలు లాంటి లోపలి రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు. సగం రోడ్డు ధాన్యం, అంచున రాళ్ళు, మిగతా సగంలో రెండు వైపుల బండ్లు. ఫోను మ్యాపు ఆ దారి అయిదు నిమిషాలు తక్కువని చూపించినా తిరగకండి. ధాన్యం తొక్కించి రైతుతో మాట పడటం ఒకటి, ఇరుక్కుపోవడం మరొకటి. అక్టోబరు, నవంబరుల్లో తుపాను హెచ్చరిక ఉంటే ప్రయాణాన్నే ఒక రోజు జరపండి. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి, ఆ పన్నెండు రోజులు ఇక్కడ నేను రాసిన ఏ సమయమూ చెల్లదు.

చీకటి పడ్డాక ఈ దారిలో వెళ్ళేవారికి ఒక మాట. తెల్లవారుజామున గన్నవరంలో విమానం ఉందని రాజమహేంద్రవరం నుంచి రాత్రి ఒంటి గంటకు బయలుదేరేవారిని చూస్తుంటాను. దారి ఖాళీగా ఉంటుంది, రెండుంబావు గంటల్లో వచ్చేస్తారు, నిజమే. కానీ మూడు, నాలుగు గంటల మధ్య డ్రైవరు కళ్ళు మూతపడే వేళ, రోడ్డు అంచున దీపాలు ఆర్పి ఆగిన లారీలు. నా ఇంట్లోవారిని అలా పంపను. ముందు రాత్రే వచ్చి గన్నవరంలోనో విజయవాడలోనో గది తీసుకుని పడుకోవడం మేలు.

మీరు చివరికి గన్నవరం దారినే ఎంచుకుంటే ముంబై టికెట్‌లో అమ్మగారికి చక్రాల కుర్చీ కావాలని ఇప్పుడే రాయించండి, ఆ రోజు అడిగితే ఆలస్యమవుతుంది. మీ సామాను ఢిల్లీ నుంచి చేతి సంచికే పరిమితం చేయండి, బెల్టు దగ్గర ఇరవై నిమిషాలు మిగులుతాయి. పెళ్ళికి ఇచ్చే వెండి సామాను, పట్టుచీరలు గుంటూరు కారులోనే రానివ్వండి.